సేవెన్ కొండల్లో మోటారు సైకిలుపై



మా నాన్నగారు ఈ పత్రికను ఎన్నో ఏళ్ళుగా తెప్పించుకుంటున్నారు. "ఇంగ్లాండు నుండి ఫ్రాన్సుకు మోటారు సైకిలు తీసుకొని పోయి వచ్చావు గదా, ఆ సంగతి పత్రికకు రాసి పంపు. ఫోనులో నాకొక్కడికి చెబితే ఏం లాభం?" అని అడుగుతూనే ఉన్నారు. అందుకే రాస్తున్నాను. రాయడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది. ఎందుకో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

నాన్నగారు గుంటూరు జిల్లాలో పల్లె సంఘములలో పని చేసినవారు. నా చిన్నతనంలో ఆయనకు పాత రాజ్‌దూత్ బండి ఒకటి ఉండేది. ఆదివారం తెల్లవారుజామున నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకొని కాలువగట్ల వెంబడి మూడు ఊళ్ళు తిరిగేవారు. వానాకాలంలో నల్లరేగడి బురద చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య బిగుసుకుపోయి బండి కదిలేది కాదు. ఆయన దిగి కర్రపుల్లతో బురద గీకుతుంటే, నేను బైబిలు సంచి తడవకుండా రొమ్మున పెట్టుకొని గట్టు మీద నిలబడేవాణ్ణి. ఆ గట్లకు తారు పడిననాడు దేవునికి స్తోత్రము చెప్పినవారిలో ఆయన మొదటివారు. అలాంటి మనిషితో, తారు రోడ్డు వదిలి రాళ్ళదారిలో బండి తోలడానికే డబ్బు ఖర్చుపెట్టి వేరే దేశం పోతున్నానని చెబితే ఏమంటారు? "మంచి రోడ్డు ఉండగా గతుకుల్లో ఎందుకురా నాయనా?" అన్నారు.

నేను ఇంగ్లాండులో ఒక ఆసుపత్రి లేబరేటరీలో పని చేస్తాను. అక్కడ మా సంఘములో పెద్దాయన ఒకరు ఉన్నారు. పోస్టాఫీసులో పని చేసి రిటైరయ్యారు. ట్రయిల్ రైడింగ్ అనే ఈ పిచ్చి నాకు అంటించింది ఆయనే. ఇది పందెం కాదు. వేగంతో దీనికి పని లేదు. తేలికైన బండి మీద, పాత బండ్లబాటలు, మందలు నడిచిన దారులు పట్టుకొని, ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, మోకాళ్ళు కొంచెం వంచి, నెమ్మదిగా పోవడమే. కూర్చుంటే నడుము విరుగుతుంది. నిలబడితే బండి మన కింద ఎటు ఊగినా మనం నిటారుగా ఉంటాం. టైర్లలో గాలి 15 పౌండ్లకు తగ్గిస్తాం. అప్పుడు రబ్బరు రాయిని పట్టుకుంటుంది.

2023 సెప్టెంబరులో ఇద్దరమూ బయలుదేరాం. ఒక వ్యానులో రెండు 250 సి.సి. బండ్లు కట్టేసుకొని, పోర్ట్స్‌మత్ రేవులో రాత్రి ఓడ ఎక్కి, తెల్లవారేసరికి ఫ్రాన్సు ఉత్తర తీరంలో విస్ట్రెయామ్ రేవులో దిగాం. నాది ఇంకా భారతదేశపు పాస్‌పోర్టే గనుక నాకు షెంగెన్ వీసా కావలసివచ్చింది. వీసాకు పట్టిన సమయం ముందు ప్రయాణం ఒక లెక్క కాదు. బండి రిజిస్ట్రేషను అసలు కాగితం, లైసెన్సు, ఇన్సూరెన్సు వెంట ఉండాలి. ఇన్సూరెన్సుకు ఆకుపచ్చ కార్డు అవసరం 2021 ఆగస్టుతో పోయింది గాని, బండి వెనుక యు.కె. అనే అక్షరాలు అంటించక తప్పదు. ఫ్రాన్సులో మోటారు సైకిలు తోలేవాడు మెరిసే జాకెట్టు ఒకటి వెంట ఉంచుకోవాలి. 2016 నవంబరు నుండి చేతులకు ముద్రపడిన గ్లవుసులు కూడా తప్పనిసరి. ఇంకొక నియమం నాకు బాగా గుర్తుండిపోయింది. బ్రిటను నుండి పాలపదార్థాలు, మాంసం యూరపులోకి తీసుకుపోకూడదు. మా ఆవిడ కట్టిచ్చిన నేతి మిఠాయిలు, పెద్దాయన జున్ను రొట్టెలు రేవులోనే కూర్చొని తినేశాం. ఓడ ఎక్కేసరికి ఇద్దరికీ కడుపు బరువే.

రేవు నుండి దక్షిణానికి సుమారు 800 కిలోమీటర్లు. చేరవలసిన కొండలను సేవెన్ అంటారు. నాన్నగారు ఫోనులో విని "ఏడా? ఏడేమిటి?" అన్నారు. అంకె కాదు, ఆ కొండల పేరే అది. లొజేర్, గార్ అనే రెండు జిల్లాలలో ఎక్కువగా విస్తరించి ఉన్నాయి. ఫ్రాన్సు ప్రధాన భూభాగంలో జిల్లాలన్నిటిలోనూ తక్కువ జనం ఉండేది లొజేర్‌లోనే. జిల్లా మొత్తం కలిపినా మన తెనాలి పట్టణమంత జనం ఉండరు.

మేము గార్ జిల్లాలో సేన్ జాన్ ద్యు గార్ అనే చిన్న పట్టణం దగ్గర గది తీసుకున్నాం. 1878లో రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ అనే స్కాట్లాండు రచయిత ఒక గాడిద మీద సామాను వేసుకొని ఈ కొండలు 12 రోజులలో నడిచి దాటి, చివరికి ఈ ఊళ్ళోనే గాడిదను అమ్మేశాడు. దారిపొడవునా దాన్ని తిట్టినవాడు అమ్మిన తరువాత ఏడ్చాడట. ఆయన నడిచిన దారిలో ఇప్పటికీ ఎందరో నడుస్తారు. వాళ్ళకు మా చప్పుడు ఇష్టముండదు. ఆ సంగతి వెళ్ళిన మొదటి గంటలోనే తెలిసింది. ఒక మలుపులో నడిచే దంపతులు ఎదురైతే ఇంజను ఆపి, పక్కకు జరిగి, "బోన్‌జూర్" అన్నాం. ఆయన బదులు చెప్పాడు, ఆమె చెప్పలేదు. ఆమెను తప్పు పట్టలేను.

అక్కడ ఎక్కడ పడితే అక్కడ బండి తోలకూడదు. 1991 జనవరి 3న చేసిన చట్టము ప్రకారము పొలాల్లో, అడవుల్లో, దారి కాని చోట మోటారు బండి నిషేధం. ప్రభుత్వ రోడ్లు, గ్రామానికి చెందిన బాటలు, ప్రజలకు తెరిచి ఉన్న ప్రైవేటు దారులు, వీటి మీదనే పోవాలి. నంబరు ప్లేటు, లైట్లు, ఇన్సూరెన్సు అన్నీ రోడ్డు బండికి ఉన్నట్టే ఉండాలి. గ్రామ మేయరు ఏ బాటనైనా కారణం చెప్పి మూయించవచ్చు. తప్పితే జరిమానా 1500 యూరోల దాకా పోతుంది, బండినీ ఆపేయవచ్చు. 1970లో ఏర్పడిన సేవెన్ జాతీయ ఉద్యానవనం నడిబొడ్డు ప్రాంతంలో ఇంకా కఠినం. మేము దాని జోలికి పోలేదు.

అందుచేత మొదటిరోజు బండ్లు దించకుండా గ్రామ కార్యాలయానికి పోయాం. మన పంచాయతీ ఆఫీసు వంటిదే. పెద్దాయనకు ఫ్రెంచి కొద్దిగా వచ్చు. గుమస్తా అమ్మ భూముల పటం బల్లమీద పరిచి, మా పటంలో ఉన్న బాటలను ఒక్కొక్కటే దానితో సరిచూసి, మూడింటి మీద గుర్తులు పెట్టి "ఇవి వద్దు" అంది. ఒకటి మేకల దొడ్డి గుండా పోతుంది. ఒకటి వరదకు కొట్టుకుపోయింది. మూడవది ఎందుకని అడిగితే, "అక్కడివాళ్ళు విసిగిపోయారు" అని ఊరుకుంది. మనుషులు నడవని బాటలను ముళ్ళపొదలు మింగేస్తున్నాయని కూడా ఆమే చెప్పింది. చలికాలంలో కొందరు బండ్లవాళ్ళు, వేటగాళ్ళు రంపాలు పట్టుకొని పడిన చెట్లు తీసేస్తారట.

ఇక ఆ దారుల సంగతి. నేల పలకలు పలకలుగా చీలే రాయి. ఎండలో వెండిలా మెరుస్తుంది, తడిస్తే సబ్బులా జారుతుంది. రెండు వైపులా చెస్ట్‌నట్ చెట్లు. పూర్వం ఇక్కడ గోధుమ పండక, ఈ కాయలనే ఎండబెట్టి పిండి చేసుకొని బ్రతికేవారు, అందుకే దాన్ని రొట్టెచెట్టు అన్నారు. మన మెట్టప్రాంతాల్లో జొన్న ఎలాగో అలాగే. కొండవాలు అంతా మెట్లు మెట్లుగా చదునుచేసి, ఒక్కొక్క మెట్టుకు రాతిగోడ కట్టారు. సున్నం లేదు, సిమెంటు లేదు, ఒట్టి రాయి మీద రాయి. ఎన్ని వేల గోడలో! వాటి మధ్యగా బాట పైకి, కిందికి, మళ్ళీ పైకి. రెండవ గేరులో ఇంజను గుర్రుమంటూ ఎక్కుతుంటే పక్కన లోయలో ఏటి చప్పుడు. శిఖరం మీద ఇంజను ఆపితే ఒక్కసారిగా నిశ్శబ్దం, దూరంగా మందల గంటలు. నాన్నగారి ప్రశ్నకు జవాబు అక్కడ దొరికిందనుకున్నాను గాని, మాటల్లో పెట్టలేకపోయాను.

ఆ బాటల్లో కొన్ని గొర్రెల మందలు వేసవిలో కొండపైకి పోయిన దారులు. కొన్ని మాత్రం వేరే కథ. సేవెన్ వాసులలో చాలామంది ప్రొటెస్టంటులు. 1598లో నాంత్ శాసనము వారికి ఆరాధన స్వేచ్ఛ ఇచ్చింది. 1685లో పద్నాలుగవ లూయీ రాజు దాన్ని రద్దు చేశాడు. ఆలయములు కూల్చారు, కాపరులను వెళ్ళగొట్టారు. ఆ ప్రాంతానికి రాజప్రతినిధిగా ఉన్న బాస్విల్ అనేవాడు ఈ కొండల్లోకి సైన్యం, ఫిరంగులు పోవడానికి రోడ్లు వేయించాడు. ఆరాధించేవారిని పట్టుకోవడానికి వేసిన రోడ్లన్నమాట! వాటిలో కొన్ని ఇవాళ తారు రోడ్లు, కొన్ని మా చక్రాల కింద రాళ్ళబాటలు. 1702 జూలై 24న లె పోన్ ద మోన్‌వేర్ అనే ఊళ్ళో, ఖైదీలను హింసిస్తున్న ఒక మతగురువును చంపడంతో తిరుగుబాటు మొదలైంది. తిరుగుబాటుదారులను కమిసార్లు అన్నారు. ఇరుపక్షాలా రక్తం పారింది, ఆ చంపడాలను నేను మెచ్చుకోను. 1703 చివర రాజసైన్యం 466 గ్రామాలను, పల్లెలను నాశనం చేసింది. 1787 దాకా ప్రొటెస్టంటుల పెండ్లి గాని, బిడ్డ పుట్టుక గాని చట్టం ముందు చెల్లలేదు.

వాన పడిన ఒక రోజు మియాలె దగ్గర ఉన్న మ్యూజియం చూశాం. దాని పేరు అరణ్య మ్యూజియం. రహస్యంగా లోయల్లో, గుహల్లో కూడుకున్న ఆ కాలాన్ని వాళ్ళు అరణ్యకాలం అనుకున్నారు, ఇశ్రాయేలీయుల అరణ్య ప్రయాణాన్ని తలచుకొని. అక్కడ ఒక ప్రసంగ వేదిక ఉంది. మడిచేస్తే ధాన్యం పోసుకొనే పీపాలా కనబడుతుంది. స్త్రీలు కొప్పులో దాచుకొన్న వేలెడంత పుస్తకం కూడా ఉంది. ఏటా సెప్టెంబరు మొదటి ఆదివారం వేలమంది అక్కడ చెట్ల కింద కూడుకొని ఆరాధిస్తారు.

ఇప్పుడు నా సిగ్గు సంగతి.

ఆ వాన వెలిసిన మరునాడు, సాయంత్రం నాలుగున్నర వేళ, ఒక గ్రామబాటలో కిందికి దిగుతున్నాం. అనుమతి ఉన్న బాటే. నేను ముందున్నాను. అలసిపోయి ఉన్నాను, ఆగుదామంటే ఇంకొక్క మలుపే గదా అనుకొన్నాను. తడిసిన పలకరాయి మీద వెనుక బ్రేకు నొక్కాను. నొక్కకూడదని పెద్దాయన వందసార్లు చెప్పారు. చక్రం జారి బండి అడ్డంగా తిరిగి, నేను ఒకవైపు, బండి ఒకవైపు. బండి పోయి పక్కనున్న రాతిగోడను గుద్దింది. నాకు మోచెయ్యి గీరుకుంది, బండికి క్లచ్చి లీవరు విరిగింది. గోడ మాత్రం, ఒక క్షణం ఆలోచించినట్టు నిలిచి, తరువాత రెండు మీటర్ల పొడవున గలగలమని బాటలోకి జారిపోయింది. వెనుక ఎర్రమట్టి బయటపడింది.

చుట్టూ ఎవ్వరూ లేరు. నిజం చెబుతున్నాను, నా మనసులో మొదట వచ్చిన మాట "ఎవరూ చూడలేదు" అన్నదే. ఈ కొండల్లో కూలిన గోడలు ఎన్ని లేవు? పెద్దాయన హెల్మెట్టు తీసి, నా మోచెయ్యి చూసి, కింద పొగ వస్తున్న ఇంటివైపు చూశారు. ఏమీ అనలేదు. బండి స్టాండు వేసి ఆ ఇంటివైపు నడవడం మొదలుపెట్టారు. నేను ఆయన వెనుక నడిచాను.

ఎనభై దాటిన ఒక ముసలమ్మ తలుపు తీసింది. పెద్దాయన తనకు వచ్చిన నాలుగు ముక్కలలో చెప్పారు. ఆమె చేతికర్ర పట్టుకొని మాతో పైకి వచ్చి, గోడను చూసి, నన్ను చూసి, చాలాసేపు మాట్లాడింది. కేకలు వేయలేదు గాని మాటలు మెత్తగా లేవు. మోటారు సైకిళ్ళు వచ్చినప్పుడల్లా మేకలు బెదిరి పాలు ఇవ్వవట. బాటలో చాళ్ళు పడితే వాననీరు వాటిలోనే పారి బాటను తవ్వేస్తుందట. పోయిన సంవత్సరం ఎవరో గోడ మీద నుంచే దూకించారట, ఆగి చెప్పినవాళ్ళు లేరు. నేను డబ్బు ఇస్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, ఆకాశంవైపు చెయ్యి చూపింది. ఆ కొండలకు ఆశ్వయుజ మాసపు వానలు మన తుపానులాంటివి. సముద్రపు వెచ్చని గాలి కొండకు తగిలి ఒకేచోట కుమ్మరిస్తుంది. 2020 సెప్టెంబరు 19న వల్లెరోగ్ ప్రాంతంలో ఒక్క రోజులో 600 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. గోడకు గండి ఉంటే మట్టి పోతుంది, మట్టి పోతే పైగోడ కూలుతుంది, దానిపైది కూడా. డబ్బుతో కట్టించడానికి మనిషి దొరికేసరికి వాన వచ్చేస్తుంది. "రేపు ఏడు గంటలకు" అంది.

మరునాడు ఏడు గంటలకు ఆమె పొరుగాయన ఒకరు గడ్డపార, సుత్తె పట్టుకొని కూర్చొని ఉన్నారు. అరవై ఏళ్ళుంటాయి. రాళ్ళు వెంటనే పేర్చనివ్వలేదు. ముందు పడినవన్నీ ఏరి మూడు కుప్పలు పెట్టించారు: పెద్దవి, నడిమివి, చేతిలో పట్టే చిన్నవి. తరువాత పునాది దాకా తవ్వించారు. పెద్దరాళ్ళు అడుగున, పొడవు వైపు గోడలోకి పోయేటట్టు. రాయి అందమైన ముఖం బయటికి పరచి పెట్టాలని నేను చూస్తే, తీసి తిప్పి పెట్టారు. పొడవు లోపలికి పోతేనే పట్టు. కింద రెండు రాళ్ళ మధ్య ఉన్న సందు మీద పైరాయి నడుము రావాలి. గోడ నిటారుగా కాకుండా కొండవైపు కొంచెం వాలాలి. వెనుక అంతా చిన్నరాళ్ళు నింపాలి, అవి నీటిని వడకట్టి కిందికి వదులుతాయి. సిమెంటు గోడ నీటిని ఆపి ఒకనాడు పగులుతుంది, ఈ గోడ నీటిని పోనిస్తుంది గనుక నిలుస్తుంది. ఫ్రాన్సుతో కలిపి ఎనిమిది దేశాలలోని ఈ పనితనాన్ని 2018లో యునెస్కో తన జాబితాలో చేర్చిందని తరువాత తెలుసుకొన్నాను. ఆ పూట మాత్రం నాకు తెలిసింది నడుము నొప్పి ఒక్కటే. నేను పెట్టిన రాళ్ళలో సగం ఆయన ఊడదీసి మళ్ళీ పెట్టారు.

మధ్యాహ్నం ముసలమ్మ పిలిచింది. ఎండు చెస్ట్‌నట్ కాయలు ఉడికించిన చిక్కని జావ, రొట్టె, మేకపాల జున్ను. తినేముందు చేతులు జోడించి రెండు మాటలు ప్రార్థన చేసింది. పెద్దాయన ఆమేన్ అన్నారు, నేనూ అన్నాను. ఆమె కళ్ళు తెరచి నన్ను వింతగా చూసింది. నేను హిందూదేశం వాణ్ణి గదా, మీరు ఎప్పటినుంచి అని అడిగింది. 1842లో హయ్యర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరుకు వచ్చారనీ, మా తాతల తరం నుంచి మేము ఆ సంఘమువారమనీ పెద్దాయన ద్వారా చెప్పించాను. ఆమె వేళ్ళమీద లెక్కపెట్టుకొని, పొరుగాయనతో ఏదో అని నవ్వింది. "అయితే మీరు చిన్నవాళ్ళే" అన్నదట.

భోజనమైన తరువాత ఆమె మమ్మల్ని గోడ చివరకు తీసుకొనిపోయింది. నిన్న నేను చూడనే లేదు. గండి పడిన చోటుకు పదడుగుల దూరంలో రెండు సైప్రస్ చెట్లు, వాటి కింద సమాధులు. ఊరి స్మశానంలో ప్రొటెస్టంటులను పూడ్చనివ్వని కాలంలో ఎవరి పొలంలో వారు పాతిపెట్టుకొనేవారు. ఆ అలవాటు ఇప్పటికీ కొన్ని కుటుంబాలలో ఉంది. కొన్నిటి మీద పేరు లేదు, ఒట్టి రాయి. చివరిదాని మీద పేరు, కొత్త పూలు ఉన్నాయి. ఆమె భర్త. ఆ పక్క ఖాళీ చోటును కర్రతో తట్టి చూపి, తనదని చెప్పింది. ఆ మట్టిని నిలిపి ఉంచేది పైనున్న గోడే.

మిగతా పని ముగిసేసరికి ఆరు దాటింది. పొరుగాయన గోడమీద ఎక్కి రెండుసార్లు గట్టిగా తొక్కి దిగారు. క్లచ్చి లీవరు ఎలాగని మేము మాట్లాడుకుంటుంటే, ముసలమ్మ కొట్టంలోకి పోయి పాత సామాను పెట్టె ఒకటి తెచ్చింది. ఆమె మనవడికి కూడా మోటారు సైకిలు ఉందట! పట్నం పోయి వదిలేశాడు. అందులో ఒక లీవరు మా బండికి సరిగ్గా కాకపోయినా పనికివచ్చింది. అదే ఇప్పటికీ నా బండికి ఉంది.

ఆ బాటలో మళ్ళీ బండి తోలలేదు. ఇంజను ఆపి, ఆ మిగిలిన దూరం ఇద్దరం తోసుకొని దిగాం. పెద్దాయనకు డెబ్భై ఒకటి. ఆయన అలా చేయనక్కరలేదు.

నాన్నగారికి ఇదంతా ఫోనులో చెబితే, మొదట అడిగింది గోడ నిలిచిందా అని. నవంబరులో పొరుగాయన ఫోటో పంపాడు. అక్టోబరు వానలు పోయాయి. మేము కట్టిన రెండు మీటర్లు పాత గోడలో కొత్త మాసికలా తెలిసిపోతూనే ఉంది, నాచు పట్టలేదు గనుక. దానిమీద ఒక మేక నిలబడి కెమెరావైపు చూస్తోంది.